పెళ్లిచూపుల్లో సమూయేలు

నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా పోయే దారి పొడవునా చర్చిలకు కొదవ లేదు. పట్టణంలోని హోలీ క్రాస్ కేథడ్రల్ మొదలుకొని ఊరి చివర రేకుల షెడ్డులో నడిచే ప్రార్థన మందిరం దాకా, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా వినబడే ప్రసంగం ఒకటుంది. పై అందం నిలిచేది కాదు, లోపలి గుణమే ముఖ్యం అన్నది దాని సారం. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం తెరుస్తారు. జడల గురించి, బంగారం గురించి, బట్టల గురించి అపొస్తలుడు చెప్పిన మాట చదువుతారు. స్త్రీల మైత్రి కూడికల్లోనైతే ఈ వాక్యం రాకుండా సభ ముగియదు. బోధలో తప్పేమీ లేదు. కానీ అది ఎవరి వైపు తిరిగి చెబుతున్నారో చూడాలి. మన గుళ్లలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. ఈ ప్రసంగం మొదటి నుంచి చివరి దాకా ఆడవాళ్ల పక్కకే పోతుంది. ఇవతలి పక్కవాళ్లు తలలూపుతూ వింటారు, తమకిందులో పనేమీ లేనట్టు. ఇక్కడే మన చదువు తలకిందులైందని నా వాదన. రూపం, గుణం అన్న సంగతి బైబిల్‌లో వచ్చిన ముఖ్యమైన చోట్లలో నింద పడుతున్నది ఎక్కువగా చూసేవాళ్ల మీద. మనం దాన్ని తీసుకెళ్లి అద్దం ముందు నిలబడ్డ ఆడపిల్ల మీద పెట్టాం.

సమూయేలు కథే తీసుకుందాం. ఇశ్రాయేలుకు కొత్త రాజును ఏర్పరచడానికి ఆ ప్రవక్త బేత్లెహేములో యెష్షయి ఇంటికి వెళ్తాడు. తండ్రి కొడుకుల్ని ఒక్కొక్కరినే పిలిచి ఆయన ముందు నడిపిస్తాడు. అచ్చం మన పెళ్లిచూపులే, కాకపోతే ఇక్కడ నిలబడింది మగపిల్లలు. పెద్దవాడు ఏలీయాబు రాగానే, అతని ఎత్తూ ముఖమూ చూసి సమూయేలు మనసులో ఖాయం చేసేసుకున్నాడు. అంతకుముందు ఆ దేశం ఒకసారి అలాగే చేసి దెబ్బతింది. సౌలును జనం మెచ్చుకున్నది అందరికంటే తల ఎత్తు పొడుగున్నాడనే. అప్పుడు దేవుడు మందలించింది ఎవరిని? ఏలీయాబును కాదు. పొడుగ్గా ఉండటం, చక్కగా ఉండటం అతని తప్పు కాదు గదా. మందలింపు పడింది చూడవచ్చిన పెద్దమనిషికి, అందులోనూ వయసూ అనుభవమూ ఉన్న ప్రవక్తకి. ఈ కథలో ఇంకో చమత్కారం ఉంది. దేవుడు రూపాన్ని చూడడని చెప్పిన ఆ అధ్యాయంలోనే, నాలుగైదు వచనాలు దాటగానే, గొర్రెల దగ్గర నుంచి వచ్చిన దావీదు అందంగా ఉన్నాడని, కళ్లు బాగున్నాయని రాశారు. రాసినవాడికి అందం మీద కక్ష లేదు. అందం చూసి మనిషిని లెక్కగట్టే తొందర మీదే ఆయన అభ్యంతరం. ఆ దావీదు కొడుకు అబ్షాలోము దగ్గరికి వచ్చేసరికి పాఠం ఇంకా చేదుగా తయారైంది. దేశంలో అంతటి అందగాడు లేడని, ఏడాదికోసారి కత్తిరిస్తే వెంట్రుకలే రెండు వందల తులాలు తూగేవని గ్రంథం లెక్కతో సహా చెబుతుంది. ఆ అందం చూసి జనం వెంట నడిచారు. తండ్రి మీద తిరగబడి అతను చచ్చాడు, అతన్ని నమ్ముకున్న వేలమంది అడవిలో చచ్చారు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఇదే మాటను గుడి లోపలికి తెస్తుంది. బంగారు ఉంగరం పెట్టుకుని మెరిసే బట్టల్లో వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టల్లో వచ్చిన పేదవాణ్ణి పక్కన నిలబెట్టే సంఘాన్ని యాకోబు నిలదీస్తాడు. ఉంగరం తీసేయమని ఆ వచ్చినవాడికి ఆయన చెప్పలేదు. చోటు చూపించినవాళ్లనే పట్టుకున్నాడు. మన జిల్లాలో డిసెంబరు నెల సెమీ క్రిస్మస్ సభలు చూసినవారికి ఆ అధ్యాయం విడమరిచి చెప్పక్కర్లేదు. ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు, వాటి మీద తెల్ల తువ్వాళ్లు, నాయకుడు వచ్చేదాకా ఆగే ప్రార్థన, ఆయన కోశాక గానీ ఎవరికీ అందని కేకు. పొద్దంతా పత్తి తీసి, మొహం కడుక్కుని, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వచ్చిన మనిషి వెనక చాప మీద కూర్చుని ఇదంతా చూస్తుంటుంది. వేదిక మీద ఆ సాయంత్రం చెప్పేది పశువుల తొట్టిలో పుట్టినవాడి కథ.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. సమూయేలు సంగతి, యాకోబు సంగతి సరే, పేతురు మాత్రం నేరుగా స్త్రీలతోనే చెప్పాడు కదా, దాన్నెలా దాటవేస్తారని అడుగుతారు. దాటవేయనక్కర్లేదు, పూర్తిగా చదివితే చాలు. ఆ పత్రిక ఇవాళ్టి టర్కీ ప్రాంతంలో చెల్లాచెదురుగా ఉన్న చిన్న సంఘాలకు రాసింది. మూడో అధ్యాయం తొలి వచనాలు వాక్యాన్ని నమ్మని భర్తలున్న ఆడవాళ్లతో మాట్లాడుతున్నాయి. ఇంట్లో మాట చెల్లని మనిషి, నోటితో వాదించే వీలు లేని మనిషి, తన నడతతోనే ఎదుటివాణ్ణి ఒప్పించగలదని ధైర్యం చెప్పడం అక్కడి ఉద్దేశం. మన పల్లెల్లో ఆదివారం గుడికి ఒంటరిగా వచ్చే ఎందరో ఇల్లాళ్ల పరిస్థితి సరిగ్గా అదే. వాళ్లకు ఆ మాట ఓదార్పుగా అందాలి, మనం దాన్ని తనిఖీగా మార్చాం. పైగా అక్కడ జడలూ నగలతో పాటు బట్టలు కట్టుకోవడాన్నీ పేతురు ఒకే వరసలో చెప్పాడు. అక్షరాలా నిషేధమని తీసుకుంటే బట్టలు కూడా మానేయాలి. అలా ఎవరూ తీసుకోరు కాబట్టి అది నిషేధాల పట్టీ కాదని, నీ విలువ వీటిలో లేదని చెప్పడమని ఒప్పుకోవాలి. ఇంకో రెండు మూడు వచనాలు ముందుకు పోతే ఏడో వచనం వస్తుంది. భార్యను గౌరవించని భర్త ప్రార్థనకే అడ్డు తగులుతుందని అక్కడ హెచ్చరిక. జడల గురించి వందసార్లు విన్న సంఘంలో ఈ వచనం మీద ప్రసంగం ఎన్నిసార్లు విన్నారో మగవాళ్లు గుర్తు తెచ్చుకోవాలి.

తిమోతికి రాసిన మొదటి పత్రికలోనూ ఇదే జరిగింది. రెండో అధ్యాయం తొమ్మిదో వచనం, అంటే ఆడవాళ్ల వేషం గురించినది, అందరికీ కంఠతా వచ్చు. దాని పైనున్న ఎనిమిదో వచనం పురుషులకు చెప్పింది. కోపం, కలహం పెట్టుకుని చేతులెత్తి ప్రార్థించవద్దని దాని భావం. ఫ్యాక్షన్ పేరు మోసిన ఈ నేల మీద, తరాల తరబడి పగలు మోసిన ఊళ్ల మధ్య, రెండు వచనాల్లో ఏది ముందు ప్రకటించాల్సింది? ఆడమనిషి మెడలో గొలుసు వల్ల ఈ సీమలో ఏ ఊరూ తగలబడలేదు.

నగలు మానేసే సంప్రదాయం మీద నాకు చిన్నచూపు లేదు. పెంతెకొస్తు సంఘాల్లో, భక్తసింగ్ మొదలుపెట్టిన సహవాసాల్లో నిరాడంబరత చాలామందికి నిజమైన స్వేచ్ఛ ఇచ్చింది. పెళ్లికి పోవాలంటే పక్కింటి హారం అరువు తెచ్చుకోవాల్సిన అవస్థ తప్పింది, పోటీ తప్పింది. అయితే ఏ నియమానికైనా కొంతకాలానికి ఒక పట్టు వస్తుంది. బోడి మెడ భక్తికి గుర్తయ్యాక, అదే కొత్త అలంకారం అవుతుంది. ఆమె చెవులకు ఏముంది, ఈమె చేతికి ఏముంది అని చూసే కళ్లు మళ్లీ పైపైనే తిరుగుతుంటాయి. తెల్లచీర మీద మరక వెతకడం, పట్టుచీర మీద జరీ వెతకడం చూపు వరకు ఒకే పని. ఇంకోటి కూడా ఆలోచించాలి. వానను నమ్ముకుని బతికే సీమలో బంగారమంటే సోకు ఒక్కటే కాదు. శనగ చేను ఎండిపోయినప్పుడు, పిల్లవాడి ఫీజు కట్టాల్సినప్పుడు, ఆసుపత్రిలో అడ్వాన్సు అడిగినప్పుడు ముందుగా తాకట్టుకు పోయేది ఇల్లాలి కమ్మలే. నంద్యాల బజారులో బంగారం మీద అప్పులిచ్చే కంపెనీల బోర్డులు లెక్కపెడితే ఆ సంగతి తెలుస్తుంది. బ్యాంకు ఖాతా మొగుడి పేరున, పొలం మామ పేరున ఉన్న ఇంట్లో తనదని చెప్పుకోగలిగింది ఆ రెండు కాసులే. దాన్ని వ్యర్థమని తేలిగ్గా తీసిపారేసే ముందు, దాని బదులు ఆమెకు భద్రత ఏమిస్తున్నామో ప్రసంగీకుడు చెప్పాలి.

పై వేషాన్ని తీసిపారేయడం ఎప్పుడూ అది కొరత లేనివాళ్లకే సులువు. ఈ ప్రాంతంలో సువార్త మొదట వేళ్లూనింది మాలపల్లెల్లో. 19వ శతాబ్దం నడుమ చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో, తర్వాత నంద్యాలలో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ సంస్థ మిషనరీలు పనిచేసిన కాలానికి, ఊళ్లోకి వచ్చేటప్పుడు చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిన మనుషులు వాళ్ల శ్రోతలు. అలాంటి మనిషి ఆదివారం ఉతికిన బట్ట కట్టుకుని, తల దువ్వుకుని, కాళ్లకు చెప్పులతో గుడికి నడిచి రావడాన్ని ఆడంబరమనగలమా? తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం కొన్ని దశాబ్దాలు పోరాడారు. వాళ్లలో చాలామంది లండన్ మిషన్ సంఘాల క్రైస్తవులు. బజార్లలో వాళ్ల రవికలు చించారు, గుళ్లు తగలబెట్టారు. చివరికి 1859లో రాజు అనుమతినిచ్చాడు, అదీ అగ్రవర్ణాల తరహాలో కప్పుకోకూడదన్న షరతు మీద. గుడ్డ ముక్కలో మనిషి గౌరవం ఉంటుందని వాళ్లకు ఎవరూ ప్రసంగించి చెప్పక్కర్లేకపోయింది. ఆ పోరు ముగిసిన పదిహేనేళ్లకు, 1874లో, తిరునల్వేలి వైపు అదే నాడార్ సమాజంలో పుట్టిన వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. తర్వాత నంద్యాల ప్రాంతపు సంఘాలు కూడా ఆయన కిందికే వచ్చాయి.

నంద్యాల క్రైస్తవులకైతే బాహ్యమైన గుర్తుల విలువ ఇంకో రకంగా కూడా తెలుసు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ భారత సంఘం ఏర్పడి, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతరులు ఒక్కటైనప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది అందులో చేరలేదు. బిషప్పు చేతులుంచి అభిషేకించిన గురువులు, అలా కాని బోధకులు ఒకే వరసలో నిలబడటం సమ్మతం కాదన్నది ఆ పేచీలో ముఖ్యమైన అంశం. ఆ ఎడం తీరి నంద్యాల దక్షిణ భారత సంఘంలో కలిసేసరికి 1970లు వచ్చాయి. చేతులుంచడం లాంటి పై క్రియ కోసం ఇన్నేళ్లు విడిగా ఉండాలా అని ఇప్పుడు నవ్వుకోవచ్చు. వాళ్ల వాదనలో మాత్రం ఒక నిజం ఉంది. లోపలి కృపకు పైకి కనబడే గుర్తు కావాలని, మనిషి కేవలం ఆత్మగా బతకడని ఆ సంప్రదాయం నమ్ముతుంది. బాప్తిస్మంలో నీళ్లు, బల్ల మీద రొట్టె, ద్రాక్షారసం అన్నీ పైవే. కనుక శరీరం తుచ్ఛం, ఆత్మే ఘనమని తేల్చేసే మాట క్రైస్తవం కాదు. గుర్తుకు గౌరవం దాని వెనక నిజంగా ఏదో ఉన్నప్పుడే. సున్నం కొట్టిన సమాధులని క్రీస్తు తిట్టింది లోపల కుళ్లు పెట్టుకున్న మతపెద్దలను, మంచి బట్ట కట్టుకున్న పేదల్ని కాదు.

ఇక అసలు చోటుకు వద్దాం. రూపం, గుణం అన్న పరీక్ష మన క్రైస్తవ కుటుంబాల్లో నిజంగా జరిగేది ఆదివారం ఆరాధనలో కాదు, పెళ్లి సంబంధం చూసేటప్పుడు. వాట్సాప్‌లో తిరిగే బయోడేటా ఒకటి తీసి చూడండి. రక్షణ పొందినది, బాప్తిస్మం తీసుకున్నది, సంగీతం వచ్చు, ఆదివారపు బడిలో చెబుతుంది అని రాసి, పక్కనే ‘ఫెయిర్’ అని, ఎత్తు ఐదు నాలుగు అని రాస్తారు. మగపిల్లవాడి వైపు నుంచి అడిగేటప్పుడు వరస మారి, రంగు ముందుకు వస్తుంది. చామనఛాయ అని తేలితే బేరం ఇంకో మలుపు తిరుగుతుంది. రంగు తగ్గిన మేరకు కట్నం పెరగాలన్నది ఎవరూ కాగితం మీద పెట్టని ధరల పట్టీ. ప్రసంగంలో గుణానికి పీట వేసి, పెళ్లిచూపుల్లో చర్మానికి వెల కట్టే ఈ పద్ధతి హిందూ ఇళ్లలో ఉంది, ముస్లిం ఇళ్లలో ఉంది. క్రైస్తవ ఇళ్లలో ఉండటం ఎక్కువ ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే దీని మీద ఇంతగా ప్రసంగించేది వాళ్లే. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో బజారుకొచ్చింది. ఊరూరా విమర్శ ముదిరాక 2020లో ఆ కంపెనీ పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అండ్ లవ్లీ అని పెట్టింది. సబ్బుల కంపెనీ వదులుకున్న మాటను మన సంఘాల బయోడేటాలు ఇంకా పట్టుకుని వేలాడుతున్నాయి.

ఈ రోగానికి ఒక మూలం మన గోడల మీదే వేలాడుతోంది. చాలా ఇళ్లలో కనబడే యేసు బొమ్మ అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ 1940లో గీసిన దానికి నకలో, దాని వారసత్వమో. తెల్లని మేను, గోధుమరంగు జుట్టు, నునుపైన ముఖం. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ పల్లెపల్లెనా తెర కట్టి చూపించడంతో, మన తెలుగువాళ్ల మనసులో క్రీస్తు ముఖమంటే విజయచందర్ ముఖమే అయిపోయింది. ఆ నటుడు ఆ పాత్రకు ప్రాణం పోశాడన్నది వేరే మాట. కానీ క్రైస్తవులు క్రీస్తు గురించే చెప్పిందని చదువుకునే యెషయా 53వ అధ్యాయం ఏమంటోంది? చూడగానే మెచ్చుకోదగ్గ రూపం ఆ సేవకుడికి లేదంటుంది. జనం ముఖం తిప్పుకున్నారంటుంది. అక్కడ సిగ్గుపడాల్సింది తిప్పుకున్నవాళ్లే. పరమగీతం మొదట్లో ఒక అమ్మాయి ఇంకా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. తాను నల్లగా ఉన్నానని, అయినా అందగత్తెనేనని, ఎండలో తోటపని చేయించారు గనుక ఒళ్లు కమిలిందని, అందుకని తనను అదేపనిగా చూడవద్దని చెబుతుంది. కె.సి. కాలువ కింద నడుము వంచి నాట్లు వేసే పిల్లలకు, నల్లరేగడి చేలల్లో పత్తి తీసే పిల్లలకు ఆ అమ్మాయి పక్క మడిలో మనిషిలా అనిపించాలి. ఆ వాక్యం పెట్టుకుని ప్రసంగం చేసే సాహసం మాత్రం మన పీఠాల మీద అరుదు.

ఇది క్రైస్తవులకు కొత్తగా దిగుమతైన ఆలోచన కాదనడానికి తెలుగులోనే సాక్ష్యముంది. వినుకొండలో క్రైస్తవ తల్లి కడుపున పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ ప్రచురించినప్పుడు, సందేశం మోయడానికి హంసనో మేఘాన్నో ఎంచుకోలేదు. చూస్తేనే జనం అపశకునమనుకునే ప్రాణిని ఎంచుకున్నాడు. ఆ వికారపు ప్రాణికి శివుడి గుడిలోకి అడ్డు లేదు, దానితో సందేశం పంపే అంటరానివాడు అరుంధతీ సుతుడికి ఉంది. దోషం గబ్బిలం రూపంలో లేదు, మనిషిని వాకిట్లోనే ఆపిన కళ్లలో ఉందని ఆ ఎంపికే చెబుతుంది. మన ఆళ్లగడ్డ పక్కనే అహోబిలం. అక్కడ కొలువైన దేవుడిది ఉగ్రరూపం, పెళ్లాడింది అడవిలోని చెంచుపిల్లను. ఏటా కనుమ నుంచి ఊరూరా తిరిగి ఆ పెళ్లికి జనాన్ని పిలిచే పార్వేట ఉత్సవం చూసినవాళ్లకు, నాజూకుతనానికీ పవిత్రతకూ ముడి లేదని వేరే చెప్పాలా? మతాలు వేరైనా ఈ నేలకు తెలిసిన సంగతే ఇది.

రెండో అభ్యంతరం తెలివైనవాళ్లు వేసేది. గుణం లోపలుంటుంది, దాన్ని దేవుడొక్కడే చూడగలడు, మామూలు మనుషులు కళ్లకు కనబడేదాన్ని బట్టి కాక ఇంకెలా పోల్చుకుంటారని. గుణం కనబడదన్న మాట నేనొప్పుకోను. చూపుకు వెంటనే అందదు, అంతే. ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు పైరంగు చూసి ఆగరు. సుత్తితో తట్టి వింటారు. గంటలా మోగితే తీసుకుంటారు, బొంగురుగా పలికితే లోపల పగులుందని పక్కన పెడతారు. మనిషిని తట్టి వినే సందర్భాలు కూడా కొల్లలు. అప్పు తీర్చే తీరు, కోడలితో మాట్లాడే గొంతు, కమిటీ ఎన్నికల్లో ఓడిపోయాక నడత, కానుక డబ్బు లెక్క రాసిన పుస్తకం, కూలివాడికి సాయంత్రం చేతిలో పెట్టే నోట్లు. అజరయ్య కాలంలో దోర్నకల్ ప్రాంతంలో జరిగిన ఒక మార్పును ఆయనా, 1930లలో సామూహిక ఉద్యమాలను పరిశీలించిన వాస్కమ్ పికెట్ అనే మిషనరీ కూడా నమోదు చేశారు. మాల మాదిగ క్రైస్తవుల బతుకులు మారడం కళ్లారా చూశాక, అదే ఊళ్ల శూద్ర కులాలవాళ్లు కొందరు వచ్చి చేరారు. తాగుడు మానడం, చచ్చిన గొడ్డు మాంసం మానడం, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం, పిల్లల్ని బడికి పంపడం వాళ్లకు కనబడ్డాయి. ముట్టుకోకూడదని దూరం పెట్టినవాళ్లలోని గుణం దూరం పెట్టినవాళ్లకే కనిపించింది. కులం గీసిన గీత అవతలి నుంచి అంత దూరం చూడగలిగినప్పుడు, పక్కవీధి సంబంధంలో గుణం తెలియదనడం సాకు మాత్రమే.

చివరి అభ్యంతరం తల్లిదండ్రులది, అది కొట్టిపారేసేది కాదు. లోకం ఇలా ఉంది, మా పిల్ల రంగు చూసి నాలుగు సంబంధాలు తిరిగిపోయాయి, మేమొక్కళ్లం ఆదర్శాలకు పోతే దాని పెళ్లి కావద్దా అంటారు. అందంగా ఉండాలని పిల్ల కోరుకోవడమూ తప్పు కాదు. ఎస్తేరు రాజు ముందుకు వెళ్లేముందు ఏడాది పాటు సుగంధ ద్రవ్యాలతో ఒళ్లు సిద్ధం చేసుకుందని రాయడానికి బైబిల్ సిగ్గుపడలేదు. బ్యూటీ పార్లర్‌కు వెళ్లిన అమ్మాయిని గుడిలో దెప్పే పెద్దలే, ఆ అమ్మాయి సంబంధం మాట్లాడేటప్పుడు ఫొటో బాగా తీయించమని సలహా ఇస్తారు. ఆమెను అద్దం దగ్గరికి తోసిందీ వాళ్లే, తిట్టేదీ వాళ్లే. ఈ భారం ఒక్కో ఇంటి నెత్తిన పెడితే ఎవరూ మోయలేరు. సంఘమంతా కలిసి చేయాల్సిన పని కాబట్టే పీఠం మీద ఉన్నవాళ్లను అడగాల్సి వస్తోంది.

వాళ్ల చేతిలో సాధనాలు లేకపోలేదు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివే ఆచారం ఆంగ్లికన్ వారసత్వంగా నంద్యాల సంఘాలకు వచ్చింది. ఈ ఇద్దరికీ పెళ్లి జరగకూడని కారణమేదైనా ఉంటే చెప్పమని సంఘాన్ని అడుగుతారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించేదీ, రిజిస్టరు రాసేదీ పాస్టరే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం 5 ఏళ్ల జైలు. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి, రిజిస్టరు తెరవకముందే రెండు పక్షాల పెద్దల చేత కట్నం మాట లేదని సంఘం ముందు సంతకం తీసుకోవచ్చు. అబద్ధపు సంతకాలు పెడతారని అంటారు. పెట్టవచ్చు, కానీ ఇవాళ ఆ అబద్ధం ఆడే అవసరం కూడా ఎవరికీ కలగడం లేదు. అలా అడిగితే పక్క సంఘానికి పోయి పెళ్లి చేసుకుంటారని పాస్టర్ల భయం. అందుకే ఒక్క సంఘంతో ఇది తెగదు. దక్షిణ భారత సంఘం, బాప్తిస్టులు, పెంతెకొస్తులు, స్వతంత్ర మందిరాలవాళ్లు అందరూ కూర్చునే పాస్టర్ల ఫెలోషిప్‌లు మన పట్టణాల్లో ఉన్నాయి. క్రిస్మస్ ర్యాలీ ఏ వీధి గుండా పోవాలో, ఎవరి సభ ఏ తేదీన పెట్టుకోవాలో అక్కడ ఒప్పందానికి వస్తారు. కట్నం సంతకం లేనిదే తమలో ఎవరూ పెళ్లి జరిపించరని, సంబంధాల కోసం సంఘం పేరున తిరిగే బయోడేటాలో రంగు గడి ఉండదని అదే బల్ల దగ్గర తీర్మానించుకోవచ్చు. మొదటి ఏడాది కొన్ని పెళ్లిళ్లు చేజారతాయి, కానుకలు తగ్గుతాయి, పలుకుబడి ఉన్న ఒకరిద్దరు పెద్దలు అలుగుతారు. దీనికి బిషప్పు ఉత్తర్వు కోసమో, కొత్త చట్టం కోసమో ఆగక్కర్లేదు. వచ్చే ముహూర్తాల నుంచే మొదలుపెట్టవచ్చు.